కారు ప్రకటనకు చిన్న రోబో కెమెరా: నల్గొండ గోదాములో తీస్తే అద్దె గిట్టుబాటు అవుతుందా?

నల్గొండ ఫ్రేము:
అందరికీ నమస్కారం. నేను పదమూడేళ్లుగా నల్గొండలో పెళ్లిళ్ల చిత్రీకరణ చేస్తున్నాను, నాలుగేళ్లుగా స్థానిక దుకాణాల ప్రకటనలు కూడా తీస్తున్నాను. ఈ మధ్య ఒక కార్ల షోరూం వారు కొత్త ఎస్‌యూవీ కోసం 40 సెకన్ల ప్రకటన కావాలని అడిగారు. హైవే మీద బండి పరుగెత్తే దృశ్యాలను తయారీ సంస్థే ఇచ్చింది కాబట్టి, నిలబడి ఉన్న కారును దగ్గరగా చూపించడమే మా పని: హెడ్‌ల్యాంపు, గ్రిల్లు, చక్రం, డ్యాష్‌బోర్డు, వెనుక డోరు మీది గీత. నార్కట్‌పల్లి దారిలో ఖాళీగా ఉన్న ఒక పత్తి మిల్లు గోదాము దొరికింది. హైదరాబాదులో ఒకరు చిన్న రోబో చేయిని ఆపరేటరుతో సహా అద్దెకు ఇస్తామంటున్నారు, అయితే ఒక్క రోజు అద్దే మా మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు అవుతోంది. కెమెరాను కదిలించే స్లైడరు, జిబ్బు, గింబల్ నా దగ్గరే ఉన్నాయి. వాటితో కానిది ఈ రోబోతో ఏమవుతుందో, అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

దేవరకొండ రోబో:
మాది దేవరకొండ. ఆరేళ్లుగా హైదరాబాదులో మోషన్ కంట్రోల్ యంత్రాలు, అంటే కంప్యూటరు చెప్పినట్టు కెమెరాను కదిలించేవి, నడుపుతున్నాను. ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఇంటర్నెట్‌లో మీరు చూసే వీడియోల్లో కెమెరా కన్ను మూసి తెరిచేలోగా ఇటు నుంచి అటు దూకుతుంది. అది ఎక్కువగా ఇంగ్లండుకు చెందిన మార్క్ రాబర్ట్స్ మోషన్ కంట్రోల్ వారి బోల్ట్ వంటి పెద్ద యంత్రం పని. ఆ సంస్థను 2016లో నికాన్ కొనుగోలు చేసింది. ఆ యంత్రం బరువు వందల కిలోలలో ఉంటుంది, దాన్ని ఎక్కువగా పట్టాల మీద పెడతారు, గట్టి నేల కావాలి. మీకు ఇస్తామంటున్నది దాదాపుగా అది కాదు, ఫ్యాక్టరీల్లో మనుషుల పక్కన పనిచేసే కోబాట్ రకం చేయి అయి ఉంటుంది. డెన్మార్కుకు చెందిన యూనివర్సల్ రోబోట్స్ వారి యూఆర్10ఇని తీసుకోండి: దాని బరువు 33.5 కిలోలు, చేయి చాపితే అందేది 1.3 మీటర్లు, మోయగలిగేది 12.5 కిలోలు, కొసన మామూలు వేగం సెకనుకు ఒక మీటరు. ఇద్దరు మనుషులు ఎత్తి ఆటోలో పెట్టుకుపోవచ్చు. అయితే నాలుగు మీటర్ల పైచిలుకు పొడవున్న కారు చుట్టూ అది తిరగలేదు.

మరి దానికి అద్దె ఎందుకు కట్టాలంటే, అది చేసిన కదలికను మళ్లీ అచ్చం అలాగే చేస్తుంది కాబట్టి. యూఆర్10ఇకి ఆ తేడా 0.05 మిల్లీమీటరు లోపే ఉంటుందని తయారీదారులు చెబుతారు. మనిషి చేతితో, జిబ్బుతో, గింబల్‌తో ఎంత నైపుణ్యం ఉన్నా ఒకే కదలికను రెండుసార్లు ఒకేలా చేయలేము. 1977లో విడుదలైన స్టార్ వార్స్ సినిమా కోసం జాన్ డైక్‌స్ట్రా బృందం నమూనా అంతరిక్ష నౌకలను తీయడానికి కంప్యూటరు ఆధారిత కెమెరాను తయారు చేసుకున్నది కూడా ఈ ఒక్క గుణం కోసమే. మీకు అది అవసరమా, కాదా అన్నదే అసలు ప్రశ్న.

మిర్యాలగూడ లైట్లు:
నా అభిప్రాయం వేరు. కారు ప్రకటనలో కెమెరా రెండో విషయం, లైటే మొదటి విషయం. మనిషి ముఖం మీద లైటు వేస్తే ముఖం కనిపిస్తుంది. కారు మీద వేస్తే ఆ లైటే కనిపిస్తుంది, ఎందుకంటే మెరిసే పెయింటు అద్దం లాంటిది. అందుకే పెద్ద స్టూడియోల్లో కారు కన్నా పెద్దదైన తెల్లని గుడ్డను దాని పైన పందిరిలా కట్టి, గుడ్డ మీద లైటు వేసి, ఆ గుడ్డ ప్రతిబింబాన్ని బానెట్ మీద చూపిస్తారు. ప్రతిబింబం అంచు ఎక్కడ పడుతుందో అక్కడే కారు ఒంపు కంటికి తెలుస్తుంది. మీ గోదాములో రేకుల పైకప్పు, ఇనుప దూలాలు, కిటికీల వెలుతురు అన్నీ పెయింటులో కనబడతాయి. రోబోకు పెట్టే డబ్బుతో గుడ్డ కట్టే రెండు పెద్ద ఫ్రేములూ, గుడ్డలూ, అక్కర్లేని వెలుగును అడ్డుకునే నల్లటి కట్టర్లూ, నలుగురు లైట్‌మెన్లూ వస్తారు. నేనైతే అదే చేస్తాను.

దేవరకొండ రోబో:
లైట్ల అన్నగారు చెప్పింది పూర్తిగా నిజం, రోబో అవసరం మొదలయ్యేది కూడా అక్కడే. పెద్ద స్టూడియోకు కారు మొత్తాన్ని ఒకేసారి వెలిగించే సామాను ఉంటుంది. మన దగ్గర రెండు లైట్లూ, ఒక ఆరడుగుల ఫ్రేమూ ఉంటే, మొదటి పాస్‌లో, అంటే ఆ కదలికను మొదటిసారి తీసేటప్పుడు, లైటును బానెట్ పైన పెట్టి తీస్తాము. రెండో పాస్‌లో అదే లైటును పక్క డోర్ల వైపు తెచ్చి, రోబోతో అదే కదలికను మళ్లీ చేయిస్తాము. మూడో పాస్‌లో మన లైట్లన్నీ ఆర్పి హెడ్‌ల్యాంపు ఒక్కటే వెలిగిస్తాము. తర్వాత ఎడిటింగులో మూడింటినీ కలిపితే, పది లైట్లు ఉన్నవారు తీసినట్టే వస్తుంది. పైగా మొదటి పాస్‌లో లైటు స్టాండు ఫ్రేములోకి వచ్చినా ఇబ్బంది లేదు, రెండో పాస్‌లో అది అక్కడ ఉండదు కాబట్టి దాన్ని తుడిచేయవచ్చు.

కోదాడ కంపోజిటర్:
పైన చెప్పినదానికి ఎడిటింగు బల్ల దగ్గరి నుంచి కొన్ని మాటలు చేరుస్తాను. వెలుగు కూడికలా పనిచేస్తుంది. రెండు లైట్లు కలిసి వెలిగినప్పుడు సెన్సరు మీద పడే వెలుగు, విడివిడిగా వెలిగినప్పుడు పడేవాటి మొత్తానికి సమానం. కానీ కెమెరా లాగ్‌లో, అంటే వెలుగును కుదించి, రాసిన విలువలను నేరుగా కలిపితే ఈ లెక్క తప్పుతుంది. ముందు లీనియర్‌లోకి, అంటే అసలు వెలుగుకు తగిన విలువల్లోకి మార్చి, కూడి, ఆ తర్వాతే రంగులు దిద్దాలి. ఇంకొక చిక్కు ఉంది. గోదాము సందుల్లోంచి వచ్చే పగటి వెలుతురు ప్రతి పాస్‌లోనూ ఉంటే, నాలుగు పాస్‌లు కలిపినప్పుడు అది నాలుగింతలవుతుంది. కాబట్టి తలుపులు, వెంటిలేటర్లు నల్లటి తాటిపత్రితో మూసివేయండి, లేదా రాత్రి తీయండి. ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్, షట్టరు, ఎపర్చరు మొదటి పాస్‌లో పెట్టినవే చివరి పాస్ దాకా ఉండాలి.

ఫోకస్ గురించి చాలామంది మరచిపోతారు. చేయి ఒకేలా కదిలినా, ఫోకస్‌ను మనిషి తిప్పితే పాస్‌లు కలవవు, ఎందుకంటే ఫోకస్ మారినప్పుడు చాలా లెన్సుల్లో దృశ్యం కొద్దిగా పెద్దదీ చిన్నదీ అవుతుంది. ఫోకస్ మోటారు కూడా రోబో ప్రోగ్రాములోనే ఉందో లేదో అద్దె మాట్లాడేటప్పుడే అడగండి. ఒక పాత పనిలో మా దగ్గరకు వచ్చిన ఫుటేజీలో చేయి బంగారంలా కదిలింది, ఫోకస్ మాత్రం చేతితో తిప్పారు. ఆ హెడ్‌ల్యాంపును ఫ్రేము తరువాత ఫ్రేము సాగదీసి అతికించడానికి మాకు పదకొండు రాత్రులు పట్టింది.

పోలేపల్లి ఆటోమేషన్:
నేను జడ్చర్ల దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇలాంటి చేతులతోనే పెట్టెలు ఎత్తించే పని చేస్తాను. సినిమా తెలియదు, యంత్రం తెలుసు. కంపెనీ చెప్పే 12.5 కిలోలు బరువు మణికట్టుకు దగ్గరగా ఉన్నప్పటి లెక్క. బరువు కేంద్రం ముందుకు జరిగినకొద్దీ మోయగలిగేది తగ్గుతుంది. మీ కెమెరా, లెన్సు, ఫోకస్ మోటారు, బ్యాటరీ, వాటిని పట్టి ఉంచే ప్లేటు కలిపి తూచండి, ఆ బరువును, కేంద్రాన్ని కంట్రోలరులో సరిగ్గా నమోదు చేయించండి. తప్పుగా నమోదైతే చేయి ఏదో తగిలిందనుకుని మధ్యలో ఆగిపోతుంది, లేదా ఆపే బటను నొక్కినప్పుడు ఊగుతుంది.

భద్రత గురించి కూడా ఒక హెచ్చరిక. కోబాట్ మనిషికి తగిలితే ఆగుతుంది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. అది ఆగేది కొంత బలం తగిలిన తర్వాతే. కొసన ఉన్నది మెత్తని రబ్బరు కాదు, కెమెరా పంజరం అంచు. ఆ బలం మనిషి పక్కటెముకలకు పరవాలేకపోవచ్చు గాని కారు పెయింటుకు గీత పడడానికి చాలా ఎక్కువ. కొత్త కదలికను మొదట పదో వంతు వేగంతో నడిపించి, ఒకరు ఎర్ర బటను మీద చేయి పెట్టుకుని నిలబడాలి.

పాలమూరు పాలిష్:
మహబూబ్‌నగర్‌లో కార్ల డిటైలింగ్ చేస్తాను. రెండు ప్రకటనలకు బండి సిద్ధం చేసి ఇచ్చాను, వాటిలో ఒకటి రోబోతో తీసినదే. కెమెరా అంగుళం దూరంలోకి వచ్చినప్పుడు మామూలు కంటికి కనిపించని దుమ్ము రేణువు తెర మీద కంకర రాయిలా కనిపిస్తుంది. పత్తి మిల్లు అంటున్నారు కాబట్టి మరీ జాగ్రత్త, మూలల్లో ఇరుక్కున్న దూది పోగులు ఫ్యాను వేయగానే లేస్తాయి. ముందు రోజే నేల కడిగించి, షూటింగు సమయంలో ఫ్యాన్లు ఆపించండి. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే పెయింటుకు స్థిర విద్యుత్తు పట్టి దుమ్ము ఇంకా లాగుతుంది.

అసలు చెప్పదలచుకున్నది ఇది. పాస్‌కూ పాస్‌కూ మధ్య దుమ్ము తుడవడానికి మా కుర్రవాడు బానెట్ మీద చేయి ఆనించాడు. బండి స్ప్రింగుల మీద కొంచెం కిందికి దిగి, మళ్లీ పూర్తిగా పైకి లేవలేదు. రోబో తప్పు చేయలేదు, కారే కదిలింది. ఒకరు డోరు తీసి కూర్చుని దిగినా ఇదే జరుగుతుంది. ఆ తర్వాత కారు కింద నాలుగు జాక్ స్టాండ్లు పెట్టి, టైర్లు నేలకు తగిలీ తగలనట్టుగా ఉంచాము. డ్యాష్‌బోర్డు దృశ్యాలకు డోరు ముందే తీసి పెట్టుకోండి, పాస్‌లన్నీ అయ్యేదాకా ముట్టుకోవద్దు.

నల్గొండ ఫ్రేము:
అందరికీ ధన్యవాదాలు. జాక్ స్టాండ్ల సంగతి నాకు ఎప్పటికీ తట్టేది కాదు. అయితే షోరూం యజమాని ఒక వీడియో చూపించి, కెమెరా గ్రిల్లులోంచి దూరి స్టీరింగు దాకా రెప్పపాటులో వెళ్లినట్టు ఉండాలని పట్టుబడుతున్నారు. సెకనుకు ఒక మీటరు వేగంతో అది ఎలా సాధ్యమవుతుంది?

దేవరకొండ రోబో:
సాధ్యమే, ఎందుకంటే మీ కారు నిలబడి ఉంది. దృశ్యంలో ఏదీ కదలనప్పుడు కెమెరాకు కాలంతో పని లేదు. తెర మీద కావలసిన వేగంలో నాలుగో వంతుతో రోబోను నడిపి, కెమెరాను 24కు బదులు సెకనుకు ఆరు ఫ్రేములతో తీయండి. దాన్ని 24 ఫ్రేములుగా చూపితే కదలిక నాలుగు రెట్లు వేగంగా ఉంటుంది. షట్టరు 180 డిగ్రీలే, అంటే ఒక్కో ఫ్రేము సమయంలో సగం సేపు తెరిచి ఉండేలా, ఉంచితే మసక కూడా నిజమైన వేగానికి ఉండేంతే ఉంటుంది. అంటే సెకనుకు మీటరు పోయే చేయి, తెర మీద నాలుగు మీటర్లు పోయినట్టు కనిపిస్తుంది. మీ కెమెరా ఆరు ఫ్రేములకు దిగకపోతే రోబో చేత ఫ్రేము ఫ్రేముకూ ఆగి ఫోటో తీయించే పద్ధతి ఉంది, కానీ అందులో మసక రాదు, కదలిక గంతులు వేసినట్టు ఉంటుంది.

దీనితో మరో లాభం కలిసివస్తుంది. గ్రిల్లు సందులోకి దూరాలంటే గొట్టంలా ఉండే ప్రోబ్ లెన్సు కావాలి. లావోవా వారి 24 ఎంఎం ప్రోబ్ దాదాపు 40 సెంటీమీటర్ల పొడవు, అర కిలో లోపు బరువు ఉంటుంది, కానీ దాని గరిష్ఠ ఎపర్చరు ఎఫ్14 మాత్రమే. ఎఫ్ అంకె పెరిగినకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది, ఎఫ్2.8తో పోలిస్తే 25 రెట్లు ఎక్కువ వెలుగు కావాలి. ఆరు ఫ్రేములతో తీసినప్పుడు ఎక్స్‌పోజరు సెకనులో 48వ వంతు నుంచి 12వ వంతుకు పెరుగుతుంది కాబట్టి, అందులో నాలుగు రెట్లు ఊరికే తిరిగి వస్తుంది. గ్రిల్లు నుంచి స్టీరింగు దాకా ఒకే కదలిక మాత్రం కుదరదు, మధ్యలో రేడియేటరు, ఇంజను ఉన్నాయి. గ్రిల్లు చీకట్లోకి వెళ్లి ఆపండి, ఇంకో కదలికను డ్యాష్‌బోర్డు కింది చీకటి నుంచి మొదలుపెట్టండి, రెండు చీకట్లను అతికించండి. ఆ వీడియోలో కూడా అలాగే చేసి ఉంటారు.

మిర్యాలగూడ లైట్లు:
ఒప్పుకుంటున్నాను, ఈ లెక్క నాకు నచ్చింది. అయితే పొగ, నీటి చినుకులు, గాలికి ఎగిరే చున్నీ వంటివి పెడితే ఈ పద్ధతి పనికిరాదు, అవి నాలుగు రెట్లు వేగంగా తుళ్లుతాయి. తిరిగే చక్రం కూడా అంతే.

కోదాడ కంపోజిటర్:
చక్రం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కారును ఎత్తి పెట్టి చక్రం తిప్పాలనుకుంటే వేగం ఆలోచించి ఎంచుకోండి. అయిదు చువ్వల అల్లాయ్ చక్రం ఒక ఫ్రేములో సరిగ్గా అయిదో వంతు తిరిగితే, తరువాతి ఫ్రేములో ఒక చువ్వ స్థానంలో మరో చువ్వ వచ్చి కూర్చుంటుంది, చక్రం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. 24 ఫ్రేములకు అది సెకనుకు 4.8 చుట్లు. 215/60 ఆర్16 టైరు చుట్టుకొలత దాదాపు 2.09 మీటర్లు కాబట్టి, స్పీడోమీటరు లెక్కలో సుమారు 36 కిలోమీటర్లు. దానికి కొంచెం తక్కువ వేగంలో చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు ఉంటుంది. షోరూం యజమాని అది చూసి బండి రివర్సులో పోతోందేమిటని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

జడ్చర్ల జనరేటర్:
కరెంటు సంగతి ఎవరూ అడగలేదు. యూఆర్ రకం చేతులకు మామూలు 230 వోల్టుల సింగిల్ ఫేజ్ చాలు, పెద్ద రోబోలకే త్రీ ఫేజ్ చూడాలి. అయితే లైట్లనూ రోబోనూ ఒకే లైనులో పెట్టవద్దు. పెద్ద లైటు వేసినప్పుడు వోల్టేజి పడి కంట్రోలరు ఆగితే, మళ్లీ మొదలుపెట్టి మొదటి పాస్‌తో కలపడం ఒక పెద్ద పని. రోబోకు, కెమెరాకు ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టండి. పక్క పొలం మోటారు లైను నుంచి త్రీ ఫేజ్ లాగుదామని గోదాము వారు సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. వ్యవసాయానికి ఇచ్చిన ఉచిత కరెంటుతో వ్యాపార ప్రకటన తీస్తే కేసవుతుంది. సైలెంటు జనరేటరును గోడకు దూరంగా పెట్టించండి, దాని అదురు నేల గుండా వస్తుంది.

పాలమూరు పాలిష్:
నాగార్జునసాగర్ కట్ట కనిపించేలా ఆరుబయట ఇదే పద్ధతిలో తీయవచ్చా?

దేవరకొండ రోబో:
పాస్‌లు కలిపే పద్ధతికి ఆరుబయలు పడదు. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతాడు. పాస్‌కు పాస్‌కు మధ్య లైటు మార్చి, దుమ్ము చూసి, మళ్లీ తీసేసరికి ఇరవై నిమిషాలవుతుంది, నీడ పక్కకు పోతుంది. ఒకే పాస్‌తో అయ్యే దృశ్యమైతే సాగర్ దాకా రోబో ఎందుకు, మీ జిబ్బు చాలు. పరుగెత్తే కారును తీయాలంటే అసలు వేరే యంత్రం కావాలి. ఇంకో కారు పైన కుదుపులను సర్దే గైరో చేయి బిగించి వెంట నడిపించేది, ఉక్రెయిన్‌లోని ఫిల్మోటెక్నిక్ సంస్థ పేరు తెచ్చుకున్నది దానితోనే. దానికి రోడ్డు అనుమతులు కావాలి, వేగాన్ని నిర్లక్ష్యంగా చూపకూడదన్న ఏఎస్‌సీఐ (భారత ప్రకటనల ప్రమాణాల మండలి) మార్గదర్శకాలు కూడా చూసుకోవాలి. తయారీ సంస్థ ఆ దృశ్యాలు ఇచ్చేసింది కాబట్టి ఈ గొడవ మీకు లేదు.

అద్దె విషయంలో నా సలహా: మీ జాబితాలో పాస్‌లు కలపాల్సినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. డోరు గీత వెంట నేరుగా పోయే కదలికకు మోటారు స్లైడరు కూడా పునరావృతం చేయగలదు. రోబో కావాల్సింది వంకర దారిలో దూరే వాటికే. అవి మూడో నాలుగో ఉంటే ఒక్క రోజులో ముగించవచ్చు. ప్రోగ్రామింగు ముందే ఒక పూట చేయించుకోండి. చేతిని పట్టుకుని ఒక్కొక్క స్థానం నేర్పించే వీలు ఉంటుంది, కానీ షూటింగు రోజున కారు చుట్టూ పదిమంది నిలబడి చూస్తుంటే ఆ పని సాగదు.

నల్గొండ ఫ్రేము:
పరీక్ష కోసం నిన్న రాత్రి ఒక పూట అద్దెకు తెప్పించాము. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. జాక్ స్టాండ్లు, తాటిపత్రి, విడి లైను, ఫోకస్ మోటారు అన్నీ మీరు చెప్పినట్టే పెట్టాము. హెడ్‌ల్యాంపు మీద మూడు పాస్‌లు తీసి ల్యాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, మొదటి రెండూ అతికాయి, మూడోది కదలిక చివరలో ఒక రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. ఆపరేటరు లెన్సు బిగింపును రెండుసార్లు చూశారు, ప్రోగ్రాము చూశారు, తేడా లేదు. చివరకు మా లైట్‌మన్ రోబో స్టాండు పక్కన నడిచినప్పుడు కింద బండ చప్పుడు వేరుగా వచ్చింది. గోదాము నేల షాబాద్ బండలతో వేసినది. స్టాండు కాలు ఒకటి డొల్ల బండ మీద ఉంది, లైటు మార్చడానికి మనుషులు దాని మీదుగా నడిచిన ప్రతిసారీ అది కొంచెం కుంగుతోంది. ఆటోమేషన్ గారు, ఆ కింద ఇనుప ప్లేటు వేస్తే సరిపోతుందా, లేక స్టాండునే మరోచోటికి మార్చాలా?

పోలేపల్లి ఆటోమేషన్:
మార్చండి. డొల్ల మీద ప్లేటు వేస్తే ప్లేటుతో సహా కుంగుతుంది. సుత్తి పిడితో ప్రతి బండనూ తట్టి చూసి, గట్టి శబ్దం వచ్చే చోట గుర్తు పెట్టుకోండి. కారు కింద జాక్ స్టాండ్లు ఉన్న బండలను కూడా తట్టండి. స్టాండు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, పాస్‌లు అయ్యేవరకు ఆ గీత లోపలికి ఎవరినీ రానీయవద్దు.

నల్గొండ ఫ్రేము:
పొద్దున్నే వెళ్లి తట్టాము. ఎడమ వెనుక జాక్ స్టాండు కింది బండ కూడా డొల్లే. కారును ఒక గజం ముందుకు జరిపి, నాలుగు కదలికలకు రోబోను ఒక్క రోజుకు ఖాయం చేసుకున్నాను. మిగిలిన ఆరు దృశ్యాలు స్లైడరుతో తీస్తాను. మిగిలిన డబ్బుతో మిర్యాలగూడ అన్నగారు చెప్పిన గుడ్డలు తెప్పిస్తున్నాను. అన్నగారూ, పన్నెండడుగుల ఫ్రేము మీ దగ్గర అద్దెకు ఉంటుందా?

మిర్యాలగూడ లైట్లు:
ఉంది. బండి రంగు ఏమిటో చెప్పండి. తెలుపైతే ఒక్క ఫ్రేము, నల్లటి కట్టర్లు పంపిస్తాను. నలుపైతే రెండు ఫ్రేములు కావాలి, రోబో చేతికి తొడగడానికి నల్ల గుడ్డ కూడా పంపాలి, లేకపోతే డోరులో అదే కనిపిస్తుంది.

నల్గొండ ఫ్రేము:
నలుపే.